ఆఖరి రౌండు



మూడు వారాలుగా ఏమీ రాయలేదేమని కొందరు అడిగారు. మిరపకోతలు, ఇళ్ల ప్రార్థనలు, మోకాళ్ల నొప్పులు అని చెప్పి తప్పించుకున్నాం. అవన్నీ నిజమే, కానీ కారణం అవి కాదు. రాయవలసిన సంగతి ఒకటి ఉంది, అది రాయడానికి మాకు సిగ్గేసింది.

ముందు ఒక మనిషి గురించి చెప్పనివ్వండి, మా సంగతి తర్వాత.

2025 మార్చిలో, హ్యూస్టన్‌లో ఉద్యోగం చేస్తున్న మన సంఘపు బిడ్డ ఒకడు మాకు ఒక వార్త పంపాడు. "అయ్యగారూ, మా ఊళ్లో ఒక పాస్టరుగారు చనిపోయారు. ఒకప్పుడు ప్రపంచ బాక్సింగ్ ఛాంపియన్. మీరు చదవాలి" అని. పాస్టరేమిటి, బాక్సింగేమిటి అని ఇంట్లో నవ్వుకున్నాం. నిజం చెప్పాలంటే ఆ ఆట మాకు నచ్చదు. దేవుని పోలికలో చేయబడిన ముఖాన్ని డబ్బు కోసం గుద్దుకోవడం ఏం ఆట? ఇప్పటికీ మా అభిప్రాయం పెద్దగా మారలేదు. అయినా పౌలు భక్తుడు కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 9వ అధ్యాయంలో తనను తాను పిడికిళ్లతో పోరాడేవాడితో పోల్చుకోవడానికి వెనుకాడలేదు కదా అనుకుని చదవడం మొదలుపెట్టాం. ఆ రాత్రి పన్నెండు దాటింది.

ఆయన పేరు జార్జ్ ఫోర్‌మన్. 1949లో టెక్సాస్ రాష్ట్రంలో మార్షల్ అనే ఊళ్లో పుట్టి, హ్యూస్టన్‌లోని ఒక పేదల పేటలో పెరిగాడు. ఇంట్లో పిల్లలు ఎక్కువ, తిండి తక్కువ. చదువు మధ్యలో ఆగింది, వీధి తగాదాలు మొదలయ్యాయి. పేద యువకులకు పని నేర్పే ఒక ప్రభుత్వ పథకంలో చేరాక చేతికి గ్లౌజులు వచ్చాయి. 1968లో మెక్సికో ఒలింపిక్స్‌లో బంగారు పతకం. 1973లో జమైకాలో జో ఫ్రేజియర్ అనే ఛాంపియన్‌ను రెండు రౌండ్లలో ఆరుసార్లు నేలమీద పడగొట్టి హెవీవెయిట్ పట్టం గెలిచాడు. అప్పట్లో ఆయన నవ్వేవాడు కాదు. ఎదుటివాళ్లు ఆయన్ని చూసి భయపడేవాళ్లు, ఆయనకూ అదే కావాలి.

1974 అక్టోబరు 30న, అప్పుడు జైర్ అని పిలిచిన దేశంలో, కిన్షాసా నగరంలో మొహమ్మద్ అలీ ఆయన్ని ఓడించాడు. అలీ తాళ్లకు ఆనుకుని నిలబడి కొట్టించుకున్నాడు. ఫోర్‌మన్ కొట్టి కొట్టి అలసిపోయాక ఎనిమిదో రౌండులో పడగొట్టాడు. ఎవరికీ లొంగని బలం తన బరువుకు తానే అలిసిపోయిన రాత్రి అది. ఆ ఓటమి ఆయన మనసులో చాలా ఏళ్లు కుళ్లింది.

1977 మార్చిలో పోర్టోరికోలో జిమ్మీ యంగ్ చేతిలో మళ్లీ ఓడిపోయాడు. ఆట అయ్యాక బట్టలు మార్చుకునే గదిలో ఆయనకు చావు అనుభవం కలిగింది. చిమ్మచీకటిలో పడిపోతున్నట్టు, ఎవరూ లేని చోట తానొక్కడే మిగిలినట్టు అనిపించిందని, అక్కడే దేవునికి మొరపెట్టుకున్నానని ఆయన జీవితమంతా సాక్ష్యం చెప్పాడు. అది వేడికి, అలసటకు వచ్చిన సొమ్మసిల్లడం అన్నారు డాక్టర్లు. ఏదైనా కానివ్వండి, ఆ గదిలోంచి బయటికి వచ్చినవాడు వేరే మనిషి. గ్లౌజులు పక్కన పెట్టేశాడు. వీధి మలుపుల్లో నిలబడి సువార్త చెప్పాడు. మాజీ ప్రపంచ ఛాంపియన్ తల గొరిగించుకుని, మామూలు బట్టల్లో వీధిలో నిలబడితే చాలామంది గుర్తే పట్టలేదట. తర్వాత హ్యూస్టన్‌లో ఒక చిన్న మందిరం కట్టుకుని కాపరి అయ్యాడు.

ప్రియులారా, పదేళ్లు ఆయన రింగు ఎక్కలేదు. ఆ పదేళ్ల గురించి పత్రికలు రెండు ముక్కల్లో తేల్చేస్తాయి. మాకు మాత్రం ఆ పదేళ్లే కళ్లకు కట్టాయి. చిన్న మందిరం, కొద్దిమంది మనుషులు, ఆస్పత్రి పలకరింపులు, పెళ్లిళ్లు, భూస్థాపనలు. ఆ పని ఎలా ఉంటుందో మాకు తెలుసు. ఎవరూ చప్పట్లు కొట్టరు.

పేటలోని కుర్రాళ్లు వీధుల పాలవకుండా 1984లో ఆయన ఒక యువజన కేంద్రం పెట్టాడు. అక్కడే డబ్బు అయిపోయింది. చందాలు అడిగి తిరగడం నామోషీగా తోచి, తనకు వచ్చిన పనినే మళ్లీ చేద్దామనుకున్నానని ఆయనే చెప్పుకున్నాడు. 1987లో, 38 ఏళ్ల వయసులో, నూట ఇరవై కిలోల ఒంటితో తిరిగి రింగులోకి వచ్చాడు. లోకం నవ్వింది. ఆయన కూడా నవ్వాడు, అదే వింత. పాత ఫోర్‌మన్ అయితే నవ్వినవాడి పళ్లు రాలగొట్టేవాడు. ఈ ఫోర్‌మన్ తన పొట్ట మీద, తన తిండి మీద, తన వయసు మీద తానే జోకులు వేశాడు. ఆదివారం వాక్యం చెప్పేవాడు, మిగతా రోజుల్లో సాధన చేసేవాడు.

1991లో ఇవాండర్ హోలీఫీల్డ్‌తో పన్నెండు రౌండ్లూ నిలబడి ఓడిపోయాడు. 1994 నవంబరు 5న లాస్ వేగాస్‌లో, 26 ఏళ్ల మైకేల్ మూరర్ మీద దిగాడు. ఇరవై ఏళ్ల కిందట కిన్షాసాలో వేసుకున్న ఎర్ర నిక్కరే వేసుకున్నాడు. ఆ రాత్రి అలీ పక్కన ఉన్న కోచ్ ఏంజెలో డండీ, ఈసారి ఫోర్‌మన్ పక్కన ఉన్నాడు. తొమ్మిది రౌండ్లు దెబ్బలు తిన్నాడు. ముగ్గురు జడ్జీల లెక్కలోనూ వెనకబడి ఉన్నాడు. పదో రౌండులో కుడిచేత్తో ఒక పొట్టి దెబ్బ, మూరర్ లేవలేదు. ఫోర్‌మన్ గంతులు వేయలేదు. తన మూలకు వెళ్లి మోకరించాడు. వయసు 45. హెవీవెయిట్‌లో అంత వయసులో పట్టం గెలిచినవాడు ఇంకొకడు లేడు.

అందరూ కథ ఇక్కడ ఆపేస్తారు. మేమూ ఒకసారి యూత్ మీటింగులో ఇక్కడే ఆపి హల్లెలూయ చెప్పించాం. కానీ మమ్మల్ని పట్టుకున్నది దీని తర్వాతి మూడేళ్లు.

1995లో జర్మనీ కుర్రాడు ఆక్సెల్ షుల్జ్‌తో ఆడితే జడ్జీలు ఫోర్‌మన్ గెలిచాడన్నారు. చూసినవాళ్లలో చాలామంది షుల్జే గెలిచాడన్నారు. ఆ కన్ను అంతలా వాచిపోయిన వ్యక్తి గెలవడమేమిటని అడిగారు. మళ్లీ షుల్జ్‌తో ఆడమంటే ఆడకుండా ఆ పట్టం వదులుకున్నాడు. తర్వాత 1997 నవంబరు 22న, అట్లాంటిక్ సిటీలో షానన్ బ్రిగ్స్‌తో దిగాడు. ఆయనకు 48, బ్రిగ్స్‌కు 25. పన్నెండు రౌండ్లూ ఫోర్‌మన్ ముందుకే నడిచాడు. ఆయనే గెలిచాడని రింగు చుట్టూ ఉన్నవాళ్లలో ఎక్కువమంది అనుకున్నారు. ఇద్దరు జడ్జీలు బ్రిగ్స్‌కు ఇచ్చారు, ఒకరు సమానం అన్నారు. జనం అరిచారు. ఫోర్‌మన్ అరవలేదు. చిరునవ్వుతో మాట్లాడి వెళ్లిపోయాడు. మళ్లీ రింగు ఎక్కలేదు. మొత్తం 81 పోటీలు, 76 గెలుపులు, ఐదు ఓటములు. ఆ ఐదోది ఇదే.

షుల్జ్ రాత్రి తనకు రాకూడనిదేమో వచ్చింది. బ్రిగ్స్ రాత్రి తనకు రావలసినదేమో పోయింది. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే మాకు ఆ చిరునవ్వు అర్థమవుతుంది. అయినా అంత తేలిక కాదు. పొట్ట కూటికి, పేరుకు, యవ్వనానికి ఆధారమైన పని చివరి రోజున, అన్యాయంగా ఓడించారని అందరూ మన పక్షాన అరుస్తుంటే, ఆ అరుపు వినకుండా మెట్లు దిగి ఇంటికి వెళ్లడం. దిగలేనివాళ్లే ఎక్కువ. అలీనే చూడండి. 1980లో ల్యారీ హోమ్స్ చేతిలో దారుణంగా దెబ్బలు తిన్నాడు, అయినా 1981లో ఇంకోసారి ఎక్కి ఓడిపోయాడు. 1984కల్లా డాక్టర్లు పార్కిన్సన్ వ్యాధి అన్నారు. 1997 మార్చిలో, కిన్షాసా పోటీ మీద తీసిన డాక్యుమెంటరీకి ఆస్కార్ వచ్చినప్పుడు ఇద్దరూ వేదిక ఎక్కారు. అలీకి మెట్లు ఎక్కడం కష్టమైతే ఫోర్‌మన్ చెయ్యి పట్టుకుని ఎక్కించాడు. ఒకప్పుడు ఆ మనిషి మీద పగతో నిద్రపోనివాడు. ఆ వీడియో మేము నాలుగుసార్లు చూశాం. బెల్టుల వీడియో ఒక్కసారే చూశాం.

ఫోర్‌మన్‌ను పరిశుద్ధుడిని చేయడం మా ఉద్దేశం కాదు. నాలుగు పెళ్లిళ్లు నిలవలేదు, ఐదోది నిలిచింది. ఐదుగురు కొడుకులకూ జార్జ్ అనే పేరే పెట్టుకున్నాడు. ఇది భక్తో, గర్వమో, తమాషానో మీరే తేల్చుకోండి. మాంసం కాల్చే గ్రిల్ పొయ్యికి తన పేరిచ్చి బాక్సింగ్ కంటే ఎక్కువ సంపాదించాడు. వదిలేశాక కూడా ఆశ చావలేదు. 55 ఏళ్లప్పుడు, 2004లో, ఇంకొక్కసారి ఆడతానని సాధన మొదలుపెట్టాడు. ఆ పోటీ జరగలేదు. ఇల్లాలు అడ్డుపడిందని అందరూ అనుకున్నారు. ఈ వాక్యం చదివి మాలో ఒకరు ఇంకొకరి వైపు అదోలా చూశారు.

ఇక మా సంగతి.

మేము ఈ ఊరు వచ్చి 31 ఏళ్లు. తాటాకుల పందిరి కింద పదకొండు మందితో మొదలైన సంగతి మీలో పెద్దవాళ్లకు తెలుసు. మీలో సగం మందికి పేర్లు పెట్టింది మేమే. గత ఏడాది నుంచి నెలలో ఒక ఆదివారం వాక్యం మన సంఘంలోనే పెరిగి, బైబిలు శిక్షణ పూర్తిచేసుకుని వచ్చిన తమ్ముడికి ఇస్తున్నాం. ఆలోచన మాదే. అడిగిన ప్రతివాడికీ "యవ్వనస్థులను ముందుకు తేవాలి" అని చెప్పాం కూడా.

జనవరి చివరి ఆదివారం అతను యోసేపు మీద మాట్లాడాడు. ఆరాధన అయ్యాక ఇద్దరు తల్లులు ఏడుస్తూ అతని దగ్గరికి వెళ్లారు. మా దగ్గరికి రాలేదు. పదేళ్లుగా మందిరం గుమ్మం ఎక్కని ఒక పెద్దాయన ఆ రోజు వచ్చి, వెనక చాప మీద చివరిదాకా కూర్చుని వెళ్లాడు. ఆయన కోసం మేము పదేళ్లు ప్రార్థించాం. సంతోషించవలసిన రోజు. ఇంటికి వచ్చి అన్నం దగ్గర కూర్చున్నాక మాలో ఒకరు, ఎవరో మీకు తెలుసు, "కుర్రాడు బాగానే చెప్పాడు గానీ, మూలవాక్యాన్ని కాస్త లాగాడు" అన్నారు. ఇంకొకరు గరిటె కింద పెట్టి, "సౌలు రాజుకు కూడా దావీదు సంగతిలో ఇలాంటి లోపమే ఏదో కనపడి ఉంటుంది" అన్నారు. ఆ మధ్యాహ్నం ఇంట్లో మాటల్లేవు.

మూలవాక్యాన్ని అతనేమీ లాగలేదు. సాయంత్రం కూర్చుని మళ్లీ చదివి చూసుకున్నాం. ఈ మాట రాయడానికే మూడు వారాలు పట్టింది.

అసలు భయం ఎక్కడుందో కూడా చెప్పేస్తాం. గొంతు పోతోంది, మూడో పాట దగ్గరే బొంగురవుతోంది. మెట్లు ఎక్కాలంటే గోడ పట్టుకోవాలి. అది దిగులు కాదు. వేదిక దిగితే మేమెవరం అన్నది దిగులు. ఈ ఊళ్లో మాకు పొలం లేదు, బంధువులు లేరు. "అయ్యగారు", "అమ్మగారు" అన్న పిలుపులే మాకున్న ఆస్తి. ఫోర్‌మన్‌కు రింగు దిగాక వెళ్లడానికి ఒక మందిరం ఉంది. మందిరం దిగినవాళ్లు ఎక్కడికి వెళ్లాలో మాకు ఎవరూ నేర్పలేదు. ఆయన మాత్రం చివరిదాకా, 76 ఏళ్ల వయసులో కన్నుమూసేదాకా, కాపరి అనే పిలుపుతోనే ఉన్నాడు. అది చూసి మాకు కొంచెం ఈర్ష్య కూడా కలిగింది. దాచడం ఎందుకు?

పోయిన శుక్రవారం సంఘపెద్దలను ఇంటికి పిలిచి టీ పోసి చెప్పాం. జూన్ నుంచి నెలలో రెండు ఆదివారాలు తమ్ముడే వాక్యం చెబుతాడు. డిసెంబరు తర్వాత మూడు. ఆ తర్వాతి సంగతి సంఘం కూర్చుని ప్రార్థించి తేల్చుకోవాలి, మేము కాదు. ఇళ్ల దర్శనాలు, రోగుల దగ్గర ప్రార్థన మాత్రం కాళ్లు నడిచినంతకాలం మాకు వదిలేయండి అని అడిగాం. పెద్దలు ఒప్పుకున్నారు. వాళ్లలో ఒకరైనా "అప్పుడే ఎందుకయ్యగారూ" అంటారేమోనని చూశాం. ఒక్కరూ అనలేదు. టీ బాగుందన్నారు.

వచ్చే ఆదివారం తమ్ముడి వంతు. మాలో ఒకరు మగవాళ్ల వైపు, ముందు వరసలో కాకుండా మూడో వరసలో, చాప మీద కూర్చుంటారు. వాక్యం నడుస్తుండగా గొంతు సవరించుకోనని మాట ఇచ్చారు. ఇంకొకరు ఆడవాళ్ల వైపు నుంచి కనిపెట్టి చూస్తూ ఉంటారట.