బిడ్డ ఇంటి లాన్‌కు కొట్టిన మందు నా పత్తిలో తేలింది

ఈసారి లాన్ గురించి రాస్తున్నాను. "పట్నం పోయి సోకు నేర్చిండు" అని నవ్వకండి, చివరికి ఇది పత్తి దగ్గరికే వస్తది.

మా బిడ్డ, అల్లుడు హైదరాబాద్ అవతల ఇల్లు కట్టుకున్నారు. ముందర వంద గజాల జాగాలో గడ్డి పరిపించారు. మొదటిసారి పోయినప్పుడు వంగి ఓ పోచ పీకి చూశాను. గరిక! నర్సరీ వాళ్లు బెర్ముడా అంటారట, ఆకు సన్నగా, ఒత్తుగా పెరిగే రకం. పేరు ఏదైతేనేం, మన వినాయకుడి గరికే. మా నాయిన జీవితమంతా చెలకలో గరిక వేర్లు ఏరి గట్టు మీద ఎండబోసి కాలబెట్టాడు. నా బిడ్డ దాన్నే చదరపు అడుగు లెక్కన కొన్నది.

పోయిన వానాకాలం అల్లుడు ఫోన్ చేశాడు. "మామా, గడ్డి కంటే కలుపే ఎక్కువైంది. మాలి పీకిపోతే పదిహేను రోజులకు మళ్లీ అంతే." ముప్పై ఏండ్ల నుంచి కలుపుతో కొట్లాడుతున్నోన్ని, నాకు ఇదొక లెక్కా అనుకున్నాను. నా పదహారు లీటర్ల బ్యాటరీ పంపు బస్సులో వేసుకొని పోయాను.

చూస్తే రెండు రకాల కలుపు ఉంది. గడ్డి చామంతి, నానుబాలు, నేల ఉసిరి, అక్కడక్కడ వయ్యారిభామ, ఇవన్నీ వెడల్పాకువి. రెండోది తుంగ. తుంగను గడ్డి అనుకోకండి, కాడను వేళ్ల మధ్య తిప్పి చూస్తే మూడు పలకలు తగులుతయి. లాన్ పలకలను మట్టితో సహా చాపలా చుట్టి తెస్తారు కదా, ఆ మట్టిలోనే తుంగ గడ్డలు వచ్చి ఉంటయి. అంటే లాన్‌తో పాటు కలుపును కూడా పైసలు పెట్టి కొన్నట్టే.

గట్లకు కొట్టే గ్లైఫోసేట్ ఇక్కడ పనికిరాదు, అది కలుపుతో పాటు గరికను కూడా వేరుదాకా చంపుతది. వెడల్పాకును చంపి గడ్డిని వదిలేది 2,4-డి. మక్కలో, వరిలో మనకు తెలిసిన మందే. (కొన్ని వెడల్పాకు లాన్ రకాలకు ఇది పడదు, ఏ గడ్డో తెలవకుండా కొట్టొద్దు.) పిల్లలను లోపల ఉంచి, గాలి లేని పొద్దుటి పూట కొట్టాను. బిడ్డ కుండీల్లో పెట్టుకున్న నాలుగు టమాట మొక్కలను ముందే ఇంటి వెనక్కి మోయించాను. టమాటకు ఈ మందు వాసన కూడా పడదు. అంత జాగ్రత్త పడ్డాను. మరునాటికే గడ్డి చామంతి మెలితిరిగింది. అల్లుడు ఫొటో తీసి దోస్తులకు పంపాడు. నేను మీసం మెలేసుకొని ఊరికి వచ్చాను.

పంపును రెండుసార్లు నీళ్లతో కడిగాను. నాలుగు రోజుల తర్వాత అదే పంపుతో పత్తికి పచ్చదోమ మందు కొట్టాను.

వారం తిరగకముందే తూర్పు గట్టు పక్క సాళ్లలో కొత్త ఆకు మారింది. పత్తి ఆకు లెక్క లేదు, సన్నగా చీలి బెండాకులాగా వచ్చింది, కొనలు ముడుచుకున్నయి. పూత మొగ్గ రాలుతుంది. పత్తి రైతులు గుర్తుపట్టే ఉంటారు. నేను కూడా గుర్తుపట్టాను, కానీ దొంగను తప్పు పట్టుకున్నాను. గట్టు అవతల మక్క ఉంది. ఆ రైతు, నేను చిన్నప్పటి నుంచి ఒక్క బాయి నీళ్లు పంచుకున్నోళ్లం. పోయి నలుగురి ముందర "నీ మక్కకు కొట్టిన 2,4-డి నా పత్తిని తిన్నది" అన్నాను. "నేను ఈసారి మందే కొట్టలేదన్నా, కూలోళ్లతో తీయించిన" అన్నాడు. నమ్మలేదు. అనరాని మాట కూడా ఒకటి అన్నాను.

మూడో రోజు ఆయనే నా చేనుకు వచ్చాడు. గట్టు మీద నిలబడి "అన్నా, నా మక్క అంచుకు రెండు సాళ్లు కంది ఉంది. గాలికి వస్తే ముందు నా కంది పోవాలె కదా?" అన్నాడు. కంది నవనవలాడుతుంది. అప్పుడు నా సాళ్లను సరిగ్గా చూశాను. గాలికి వచ్చిన మందైతే గట్టు దగ్గర ఎక్కువ ఉండి, లోపలికి పోయేకొద్దీ మెల్లగా తగ్గాలి. ఇక్కడ మొదటి ట్యాంకు అయిపోయిన సాలుదాకా ఒక్క తీరు దెబ్బ. రెండో ట్యాంకు సాళ్లలో తక్కువ. మూడోదాంట్లో ఆనవాలు మాత్రమే. నాలుగో ట్యాంకు నుంచి పత్తి బాగానే ఉంది. నా పంపు పైపులో మిగిలిన మందును నేనే మూడు ట్యాంకులతో కడిగి నా చేనుకు పోసుకున్నాను.

2,4-డి పైపులకు, వాషర్లకు, జల్లెడకు పట్టుకొని ఉంటది. ఉట్టి నీళ్లకు పోదు. నీళ్లతో మూడుసార్లు కడిగి, ఉతికే సోడా కలిపిన నీళ్లు పైపు నిండా పోసి రాత్రంతా ఉంచి, నాజిల్ విప్పి వేరుగా కడిగి, మళ్లీ నీళ్లతో కడగాలి. అట్ల కడిగినా ఆ పంపును నేనైతే పత్తిలోకి తీసుకపోను. పత్తికి ఇది చుక్కంత చాలు. ఇథైల్ ఎస్టర్ రకమైతే ఎండకు ఆవిరై కూడా పక్క చేలకు పోతది, అమైన్ సాల్ట్ దానికంటే నయం.

దెబ్బ తిన్న సాళ్లలో కొత్త చిగురు తర్వాత మామూలుగానే వచ్చింది. కానీ మొదటి తీత అక్కడ దాదాపు లేదు.

లాన్ సంగతి అడుగుతారు కదా. వెడల్పాకు పోయింది, తుంగ మాత్రం తల వాల్చి మళ్లీ లేచింది. తుంగకు హాలోసల్ఫ్యూరాన్ అని మందు ఉంది, చెరకులో ఎకరానికి 36 గ్రాములు. ఎకరమంటే 4,840 గజాలు. వంద గజాలకు లెక్క కడితే ముప్పావు గ్రాము కూడా రాదు! కంసాలి త్రాసు తేవాలి. లేబుల్ మీద చెరకు పేరుంది, లాన్ పేరు లేదు, పైగా మనవరాలు ఆ గడ్డి మీదనే దొర్లుతది. వద్దన్నాను. వాన పడ్డ మరునాడు నేల మెత్తగా ఉన్నప్పుడు చిన్న గునపంతో గడ్డతో సహా తీయమన్నాను. పైన పీకితే కింద గడ్డ మిగిలి మళ్లీ పిలకలు పెడతది. ఒక్కసారికి పోదు, లేచినప్పుడల్లా తీస్తూ పోతే గడ్డలో బలం తగ్గుతది.

అసలు తప్పు మాలి కత్తెరలో ఉంది. నెలకొకసారి వచ్చి నేల కనబడేదాకా గొరుగుతున్నాడు. నేలకు ఎండ తగిలితే కలుపు గింజ ఊరుకుంటదా? ఇప్పుడు వానాకాలంలో వారానికోసారి, ఎత్తులో మూడో వంతుకు మించకుండా కోయిస్తున్నారు. రోజూ సాయంత్రం పైపైన తడుపుడు కూడా మానేశారు, వాన లేనప్పుడు రెండు మూడు రోజులకోసారి వేరుదాకా పెడుతున్నారు. గరిక తనకు తానే కమ్ముకుంది. మామిడి చెట్టు నీడలో మాత్రం కమ్మలేదు, గరికకు ఎండ కావాలి. అక్కడ రాళ్లు పరుచుకోమని చెప్పాను, బిడ్డ ఇంకా ఒప్పుకోలేదు.

ఆ రైతుకు అదే నలుగురి ముందర తప్పైందని చెప్పాను. ఆయన ఈ పేజీ చదువుతాడు, అందుకే ఇక్కడ కూడా రాస్తున్నాను. ఇప్పుడు నా దగ్గర రెండు పంపులు ఉన్నయి. కలుపు మందు పంపుకు ఎర్ర పెయింట్ పూశాను. మొన్న ఆయన కందికి పురుగు మందు కొట్టుకుంటా, పంపు ఇయ్యమని వచ్చాడు. రెండూ బయట పెట్టి ఏదిస్తనో అని చూస్తుంటే, నేను చెయ్యి చాపకముందే ఎర్రదాన్ని కాలుతో పక్కకు జరిపాడు.