గండాచార్యుని అక్షరం

మా నాయన రాతిపనివాడు. నలభై ఏళ్లు రాతిమీద ఇతరుల పేర్లు చెక్కాడు. బడికి శంకుస్థాపన చేసిన మంత్రి పేరు, గుడికి మెట్లు కట్టించిన షావుకారు పేరు, సమాధిలో వున్నవాడి పేరు ఆయన ఉలికింద రూపం పొందాయి. ఆయన పేరు మాత్రం ఏ రాతిమీదా లేదు. తర్వాత అక్షరాలను కంప్యూటర్లో పేర్చి, అంటించే కాగితంలో కత్తిరించి, యంత్రంతో ఇసుక చిమ్మి రాయిని తొలిచే పద్ధతి వచ్చింది. మూడు రోజుల పని ఒక పూటలో తెమలసాగింది. నాయన ఇంట్లో కూర్చున్నాడు.

నేను కాలేజీలో తెలుగు చెబుతాను. నిరుడు శాసనభాష పాఠం కోసం ఎర్రగుడి అశోక శాసనంలోని కొన్ని పంక్తులను బ్రాహ్మీ ఫాంటుతో ముద్రించి, పక్కనే ఆ బండ ఫోటో పెట్టాను. బ్రాహ్మీ లిపి 2010లో యూనికోడ్‌లో చేరింది. గూగుల్ సంస్థ నోటో వరసలో దానికి ఫాంటు తయారుచేసి ఉచితంగా ఇచ్చింది. రెండువేల రెండువందల ఏళ్లకు పైబడిన లిపిని మా విద్యార్థి తన ఫోన్లో రాయగలడని నాకు గర్వంగా వుండింది. ఆ కాగితం నాయనకు చూపించాను.

ఆయన రెండింటినీ చాలాసేపు చూసి, ముద్రించిన వైపు వేలు పెట్టాడు. "ఈడ ఉలి యాడుంది రా? అన్నీ ఒకే అచ్చులో పోసినట్టుండాయి" అన్నాడు. తర్వాత ఫోటో దగ్గరికి తీసుకుని, "ఈడ రాయి మొండికేసింది, చెయ్యి పక్కకు జరిపినాడు" అన్నాడు. ఆయన మూడో తరగతితో బడి మానినవాడు. బ్రాహ్మిలో ఒక్క అక్షరం రాదు. అయినా నాకు కనిపించనిది ఆయనకు కనిపించింది.

ఈ మాటలు విని ఫాంట్లను నిందించడానికి పూనుకుంటే అది పొరపాటు. యంత్రాన్ని ద్వేషించడం అభ్యుదయం అనిపించుకోదు. ఒకప్పుడు మా ప్రశ్నపత్రంలో రేనాటి చోళుల శాసనభాషపై ఒక ప్రశ్న వేశాను. శాసనాల్లో ఆ వంశం పేరు 'చోఴ' అని వుంటుంది. అచ్చులో మాత్రం ఆ ఴకారం వుండవలసిన చోట ఖాళీ డబ్బా వచ్చింది. "సార్, ఈ డబ్బా ఏ అక్షరం?" అని పిల్లలు అడిగారు. ఆ అక్షరం తెలుగు యూనికోడ్‌లో 2014లోనే చేరింది గాని, మా కంప్యూటర్లోని ఫాంటుకు ఆ రూపం లేదు. మన భాష చరిత్రలో ఒక అధ్యాయం విద్యార్థి ముందు ఖాళీ డబ్బాగా నిలబడింది. ఇప్పుడు అది అక్షరంగా కనబడుతున్నదంటే అది చిన్న విజయం కాదు. భట్టిప్రోలు ధాతుకరండాల మీది ప్రత్యేకమైన 'ఆ'కార చిహ్నానికి కూడా యూనికోడ్ ఆ వూరి పేరుతోనే స్థానం ఇచ్చింది. కొద్దిమంది శాసన పరిశోధకుల సొత్తుగా వున్న లిపి జ్ఞానం అందరి చేతికీ రావడాన్ని మనం ఆహ్వానించి తీరాలి.

అయితే ఫాంటు పునఃసృష్టిస్తున్నది దేన్ని? బండమీద వంద 'క'లుంటే అవి వంద రకాలు. ఫాంటు చేసేవాడు వాటిలోనుంచి ఒకదాన్ని ఎన్నుకుంటాడు, లేదా అన్నింటికీ సగటుగా కొత్తది గీస్తాడు. ఆనాటినుంచి అదే 'ప్రాచీన లిపి' అయి కూర్చుంటుంది. ఎర్రగుడి చిన్న శిలాశాసనంలో కొన్ని పంక్తులు ఎడమనుంచి కుడికీ, కొన్ని కుడినుంచి ఎడమకూ నడుస్తాయి. నేను ముద్రించిన కాగితంలో అన్నీ బుద్ధిగా కుడికే నడిచాయి. ఒక అక్షరానికి నాలుగైదు రూపాలు పెట్టి, మార్చి మార్చి వచ్చేటట్టు చేసే ఫాంట్లు లేకపోలేదు. చేతిరాతలోని తేడాకు అది అనుకరణ. చేతికి ఎదురైన రాయి అందులో వుండదు. రూపం మిగిలి శ్రమ మాయమైతే, గతమంతా నున్నగా, నిష్కళంకంగా, ఘర్షణ లేనిదిగా కనిపిస్తుంది. స్వర్ణయుగాల కథలు అల్లేవారికి అటువంటి గతమే కావాలి.

చెక్కినవాళ్లందరూ అనామకులే అని సరిపెట్టుకోవడానికీ వీల్లేదు. కర్ణాటకలోని బ్రహ్మగిరి అశోక శాసనం చివర చపడుడనే లిపికరుడు తన పేరు రాసుకున్నాడు. 1053 నాటి నందంపూడి శాసనం రాజరాజ నరేంద్రుడు వేయించినది. దానికి కావ్యకర్త నన్నయ భట్టు, లేఖకుడు గండాచార్యుడు. ఇద్దరి పేర్లూ ఆ రాగిరేకుల మీదనే వున్నాయి. ఈనాడు తెలుగు ఫాంట్లకు పెద్దన, తిమ్మన, ధూర్జటి, శ్రీకృష్ణదేవరాయల పేర్లున్నాయి. గిడుగు, గురజాడల పేర్లూ వున్నాయి, సంతోషమే. గండాచార్యుడి పేరుతో ఫాంటు నాకు కనబడలేదు. అక్షరం రూపానికి పేరు పెట్టేటప్పుడు కూడా అక్షరం దిద్దినవాడు గుర్తుకు రాకపోవడం కేవలం యాదృచ్ఛికం అనుకోను.

కనక పాత లిపులకు ఫాంట్లు చేసే యువకులను నేను కోరేది కొంచెమే. ఏ శాసనంనుంచి ఏ రూపం తీసుకున్నారో చెప్పండి. వదిలేసిన రూపాలనూ భద్రపరచండి. రాసినవాడి పేరు తెలిస్తే చేర్చండి. ఉపాధ్యాయులమైన మనం ఫాంటును రాతి ఫోటో పక్కన పెట్టకుండా పాఠం చెప్పకూడదు.

ఇతరులకు చెప్పేముందు నా సంగతి కూడా ఒప్పుకోవాలి. ఎం.ఏ.లో నేను నన్నయమీద పెద్ద వ్యాసం రాశాను. నందంపూడి శాసనాన్ని అందులో రెండుసార్లు ప్రస్తావించాను. మొన్న దాన్ని తీసి చూశాను. గండాచార్యుడి పేరు ఒక్కచోటా లేదు. రాతిపనివాడి కొడుకునైవుండీ నేను దాన్ని దాటేసిపోయాను.