ఆలోచించిన రాజకుమార్తెలు

పిల్లలూ! రాజకుమార్తె కథ అనగానే మీకు ఏం తోస్తుంది? రాక్షసుడు ఆమెను ఎత్తుకుపోతాడు. ఆమె ఏడుస్తూ కూర్చుంటుంది. రాజకుమారుడు వచ్చి విడిపిస్తాడు. అంతే గదా? నేను బడిలో నాటకాలు వేయించే రోజుల్లో రాజకుమార్తె వేషం ఇచ్చిన ఒక అమ్మాయి, "ఇందులో నేను చేసేది ఏమున్నదండీ, మాస్టారూ?" అని అడిగింది. న్యాయమైన ప్రశ్నే!

అయితే ఒక సంగతి గమనించండి. రాక్షసుడి ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలుకలో ఉంటుంది. ఆ గుట్టు రాజకుమారుడికి ఎలా తెలిసింది? రాక్షసుడితో నేర్పుగా మాట్లాడి, వాడి నోటనే దాన్ని చెప్పించింది రాజకుమార్తే!

మహాభారతం అరణ్యపర్వంలో సావిత్రి కథ ఉన్నది. మద్రదేశపు రాజు అశ్వపతి, "తగిన వరుణ్ణి నీవే చూసుకో, తల్లీ," అని కూతుర్ని పంపాడు. ఆమె అడవిలో ఉంటున్న సత్యవంతుణ్ణి ఎన్నుకున్నది. అతను ఏడాదిలో చనిపోతాడని నారదుడు చెప్పినా మనసు మార్చుకోలేదు. యముడు సత్యవంతుడి ప్రాణం తీసుకుపోతూంటే వెంట నడుస్తూ ధర్మం గురించి చక్కగా మాట్లాడింది. యముడు మెచ్చి, భర్త ప్రాణం తప్ప ఏదైనా కోరుకోమన్నాడు. మామగారికి చూపూ, రాజ్యమూ, తండ్రికి నూరుగురు కొడుకులూ అడిగింది. తరవాత తనకూ సత్యవంతుడికీ నూరుగురు కొడుకులు కావాలన్నది. యముడు సరేనన్నాడు! ఇక సత్యవంతుణ్ణి బతికించక ఏం చేస్తాడు?

ఇలాటి రాజకుమార్తె ఇతర దేశాల కథల్లోనూ ఉన్నది. కెనడా రచయిత రాబర్ట్ మన్ష్ 1980లో "కాగితం సంచీ రాజకుమారి" అనే కథ ప్రచురించాడు. నిప్పులు కక్కే డ్రాగన్ ఒకటి ఎలిజబెత్ కోటను కూల్చేసి, ఆమె పెళ్ళాడబోయే రోనాల్డ్‌ను ఎత్తుకుపోయింది. బట్టలన్నీ కాలిపోగా, ఎలిజబెత్ ఒక కాగితం సంచీ తొడుక్కుని బయలుదేరింది. డ్రాగన్‌ను తెగ పొగిడి, దాని చేత అడవులు కాల్పించి, ప్రపంచం చుట్టి రమ్మన్నది. అది అలిసి నిద్రపోయింది. రోనాల్డ్ మాత్రం ఆమె అవతారం చూసి, ముందు మంచి బట్టలు కట్టుకు రమ్మన్నాడు. ఆమె అతణ్ణి పెళ్ళాడనే లేదు!

సావిత్రి భర్తను దక్కించుకున్నది. ఎలిజబెత్ రోనాల్డ్‌ను వదులుకున్నది. ఎవరి నిర్ణయం వారే చేసుకున్నారు.

పెద్దలకు ఒక మనవి. కథ చెబుతూ, కష్టం వచ్చిన చోట కాస్త ఆగండి. "నువ్వయితే ఏం చేస్తావు?" అని అబ్బాయినీ, అమ్మాయినీ కూడా అడగండి. పిల్లలు ఏం చెబుతారో ఓపికగా వినండి. కథలో రాని ఉపాయం కూడా వాళ్ళకు తోచవచ్చు!