కర్నూలు టు కడప: రెండు కంట్రోలర్ల కోసం

కర్నూలు నుంచి కడపకి సుమారు 200 కిలోమీటర్లు. నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు మీదుగా బస్సు. "ఒక గేమ్ ఆడటానికి అంత దూరమా?" అని మా అమ్మ అడిగింది. ఆ గేమ్ ఇంకా రిలీజే కాలేదని మాత్రం అమ్మకి చెప్పలేదు.

'డీమన్ స్లేయర్: హినోకామి క్రానికల్స్ 2' రిలీజ్ 2025 ఆగస్టు 5న. 2021లో మొదటి పార్ట్ చేసిన సైబర్‌కనెక్ట్2 వాళ్లదే ఇది కూడా. మా ఇంట్లో ప్లేస్టేషన్ లేదు. కడపలో మా చిన్నాన్న కొడుకు దగ్గర ఉంది. ప్రీఆర్డర్ డబ్బులు చెరి సగం వేసుకున్నాం. ఈ నెలాఖరుకి అన్న ఉద్యోగానికి హైదరాబాద్ పోతున్నాడు. ప్లేస్టేషన్ కూడా అన్నతోనే పోతుంది. అంటే ఒకే మంచం మీద కూర్చుని కొట్టుకోడానికి మాకు మిగిలింది మూడు వారాలే.

పొద్దున్నే ఉగ్గాని బజ్జి తిని బస్సెక్కా. ఓర్వకల్లు దగ్గర రోడ్డు పక్కన రాళ్లు కనిపించేసరికి ఫోన్‌లో రివ్యూలు తెరిచా. కొందరు బాగా మెచ్చుకున్నారు, కొందరు పెదవి విరిచారు. ఫైట్లు చూస్తే యానిమేనే ఆడుతున్నట్టుందని అందరూ ఒప్పుకున్నారు. కానీ స్టోరీ మోడ్‌లో కొత్తేం లేదంట, చూసిన కథే మళ్లీ. మధ్యలో ఊరికే నడవడం బోరంట. కంట్రోల్స్ మరీ సులువంట, లోతు లేదంట.

కోస్తా నుంచి వచ్చిన ఫ్రెండ్‌కి మన కారం దోసె పెడితే వాడిచ్చే రివ్యూ కూడా ఇలాగే ఉంటుంది. వాడు అబద్ధం చెప్పడు. కానీ వాడి నాలుక వేరు. కంట్రోల్స్ సులువంటే మాకు మంచిదే. పదో తరగతి చదివే చెల్లెలు కూడా మూడో ఆటకల్లా మమ్మల్ని ఓడిస్తుంది. చూసిన కథే అంటారా, మనూళ్లలో హరికథలకి జనం కూర్చున్నది తెలియని కథ కోసమా?

నేను రివ్యూల్లో వెతికింది ఒక్క లైనే. ఆఫ్‌లైన్‌లో ఇద్దరు ఆడొచ్చా? ఆడొచ్చు. చాలామంది దీన్ని లెక్కలోకే తీసుకోరు. 2024 అక్టోబర్‌లో వచ్చిన 'డ్రాగన్ బాల్: స్పార్కింగ్ జీరో'కి మంచి పేరొచ్చింది. కానీ రిలీజ్ టైమ్‌కి ఒకే టీవీ మీద ఇద్దరు ఆడాలంటే ఒక్కటే స్టేజి. చుట్టూ తెల్లగా, ఏమీ లేని చోటు. ఒక ప్లేస్టేషన్‌ని ఇద్దరు పంచుకునే ఇళ్లలో అది చిన్న విషయం కాదు.

నంద్యాల దగ్గర కేసీ కెనాల్ గుర్తొచ్చింది. కర్నూలు-కడప అని రెండు ఊళ్ల పేర్లూ పెట్టుకున్న కాలువ. 19వ శతాబ్దంలో తవ్వినప్పుడు సాగుకే కాదు, పడవలకి కూడా అనుకున్నారు. ఇప్పుడైతే మేం బస్సుల్లోనే.

ఆళ్లగడ్డలో ఉలి దెబ్బలు పడుతున్న విగ్రహాలు కిటికీలోంచే కనిపిస్తాయి. అక్కడినుంచే అహోబిలం దారి. రాక్షసుణ్ణి చంపే కథలు మనకి జపాన్ నుంచి రావాల్సిన పనిలేదు. హిరణ్యకశిపుడికి పగలూ కాదు, రాత్రీ కాదు, సంధ్యవేళ కావాలి. తంజిరో కొట్లాడే రాక్షసులకి సూర్యుడు రావాలి. 2025 జూలై 25న రిలీజైన 'మహావతార్ నరసింహ' చూసొచ్చాక మా అమ్మ యానిమేషన్‌ని పిల్లల బొమ్మలనడం మానేసింది. 2025 సెప్టెంబర్ 12న డీమన్ స్లేయర్ సినిమా తెలుగులో కూడా రిలీజ్. అప్పటికి అన్న హైదరాబాద్‌లో, నేను కర్నూల్లో.

"ఆన్‌లైన్‌లో ఆడుకుందాంలేరా" అంటాడు అన్న. నాకు నమ్మకం లేదు. 2019లో 'జంప్ ఫోర్స్' అని గోకూ, నరుటో, లూఫీ అందరినీ కలిపి తెచ్చారు. దానికీ మిక్స్‌డ్ టాకే. 2022 ఫిబ్రవరిలో డిజిటల్‌గా అమ్మడం ఆపేశారు, ఆగస్టులో ఆన్‌లైన్ లాబీ, ర్యాంక్ మ్యాచ్‌లు మూసేశారు. పక్కపక్కన కూర్చుని ఆడేవాళ్లకి మాత్రం ఏమీ కాలేదు, డిస్క్ తిరుగుతూనే ఉంది. అదీగాక కొత్త ఉద్యోగంలో రాత్రి తొమ్మిదికి రూముకొచ్చిన మనిషి కంట్రోలర్ పట్టుకుంటాడా, పడుకుంటాడా?

మైదుకూరు దాటాక ఫోన్. "యాడుండావురా?"

"వస్తాండానా. గంటలో దిగుతా."

"రివ్యూలు చూసినావా?"

"చూసినా. కథ తెలిసిందేనంట."

"ఉండనీలే."

కడప బస్టాండ్‌లో ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. అన్న బండి స్టార్ట్ చేసే ఉన్నాడు, బ్యాగ్ దించనీయలేదు. "రెండో కంట్రోలర్ స్టిక్ దానంతటదే పక్కకి పోతాంది. ఏడు రోడ్ల కాడ రిపేరుకిచ్చినా. మధ్యాన్నం షాపు మూసేస్తాడు, ఎక్కు బిన్నా."