గుర్రంకొండలో ఒక ఉదయం

వాయల్పాడు దాటి రాయచోటి మార్గంలో సాగితే నిట్టనిలువు రాతికొండ ఒకటి దూరం నుంచే కనిపిస్తుంది. అదే గుర్రంకొండ. ఫజ్ర్ నమాజు ముగించుకుని, ఎండ ముదరక ముందే, ఒక విద్యార్థిని వెంటబెట్టుకుని ఆ పాత ఊరి వీధులలో నడిచాను. దుకాణాలు ఇంకా తెరవలేదు.

కొండ పాదం వద్ద రంగినీ మహల్ ఉంది. పైనున్న కోటను ఒక గుర్రం కాపాడేదనీ, అది ఉన్నంతకాలం పరాజయం లేదనీ జనశ్రుతి. కథ ముచ్చటైనదే. కానీ 1791లో నిజాం సేనలు, ఆంగ్లేయుల ఫిరంగులు ముట్టడించినప్పుడు ఎదురు నిలిచినది గుర్రం కాదు, టిప్పు సిపాయీలు. మరుసటి ఏటి సంధితో ఈ ప్రాంతం నిజాంకు, 1800లో కంపెనీకి దక్కింది.

నన్ను ఎక్కువసేపు నిలిపినది మఖ్బరా. అందులో ఖననమైన మీర్ రజా అలీ ఖాన్ ఈ దుర్గానికి అధిపతి, టిప్పు సుల్తాన్‌కు స్వయానా మేనమామ. టిప్పు తల్లి ఫక్రున్నిసా తండ్రి కడప కోట పాలకుడు. మన పిల్లలు టిప్పును మైసూరు వాడనే చదువుకుంటారు. ఆయన తల్లి పుట్టింటివారు మన సీమలో ఏలినవారని వారికి చెప్పేవారేరీ?

"హజ్రత్, ఇక్కడ ఏమైనా కోరుకోవచ్చా?" అన్నాడు విద్యార్థి.

"కోరవలసినది అల్లాహ్‌నే, నాయనా. ఈయన మన దుఆ కోసం ఎదురుచూసేవాడు."

ఇద్దరమూ సలాం చెప్పి, ఆయన మగ్ఫిరత్ కొరకు దుఆ చేశాము. తిరుగుదారిలో వాడు ఆ మేనమామ పేరు మరో రెండుసార్లు అడిగి, పుస్తకం వెనుక వ్రాసుకున్నాడు.