జనవరి 15 ఎవరి పండగ?

సంక్రాంతికి మా సిక్కోలు ఊళ్ళలో ఏ అరుగు మీద చూసినా సెలవు మీద వచ్చిన మిలిట్రీ వాళ్ళే. మా ఇంట్లో ఆర్మీ బావ పేరు ‘బూట్లు’. నేవీలో ఉన్న బావమరిది ‘తెడ్డు’. ఎయిర్‌ఫోర్స్ చిన్నాన్న కొడుకు ‘గాలిపటం’.

జనవరి 15 ఆర్మీ డే కదా, బావ గారెలు తింటూ మొదలెడతాడు: “మా పండక్కే గాదేటి ఊరంతా ముగ్గులెట్టింది!”

“1971ల పాకిస్తానోళ్ళ సబ్‌మెరైన్ ఘాజీ మునిగిందెక్కడ? మన ఇశాపట్నం కాడ. మీ బూట్లు అక్కడి దాకా ఈదగలవేటి బావా?” అని తెడ్డు. (నేవీ డే డిసెంబర్ 4 కరాచీ మీద దాడికి గుర్తు. మనవైపు మాత్రం ఘాజీ కథే నడుస్తుంది.)

గాలిపటం ఊరుకుంటాడా! విశాఖ బీచ్ రోడ్డులో కురుసుర సబ్‌మెరైన్ ఎదురుగా పెట్టిన టీయూ-142 విమానాన్ని తమ ఖాతాలో వేసేసుకున్నాడు. అదీ నేవీదేనని తెలిశాక బావ నవ్వు వీధి చివరికి వినపడింది.

ఇప్పుడు గొడవంతా కోరుకొండ సైనిక్ స్కూల్లో చేరిన మేనల్లుడి గురించి. ముగ్గురూ మూడు వైపులా లాగుతున్నారు. వాడేమో కోస్ట్ గార్డ్ అంటున్నాడు!