మొక్కకు చందా ఉంది, వేసవికి పద్దేదీ?

ఏ ఒక్కరి పట్టాలోనూ లేకుండా ఊరంతా వాడుకునే చెరువు కట్ట, బడి ఆవరణ, శ్మశానం, బాట పక్క చెట్ల వరుస, కొండవాలు వంటి ఉమ్మడి నేలలకు అసలైన పరీక్ష వేసవిలోనే ఎదురవుతుంది; ఆ పరీక్షకు సిద్ధపడవలసిన కాలం మాత్రం వేసవి కాదు. విజయవాడ పరిసరాల్లో ఏటా సుమారు వెయ్యి మిల్లీమీటర్ల వాన కురిసినా, అందులో అధిక భాగం జూన్ నుంచి అక్టోబరు లోపే పడిపోతుంది. ఆ తరువాత నెలల తరబడి నేల తడిని కోల్పోతూనే ఉంటుంది కనుక, రోళ్లు పగిలే రోహిణి కార్తె వచ్చేసరికి చెట్టు వేరుకు దొరికేది అంతకు ఆర్నెల్ల ముందు మట్టిలో దాచిపెట్టిన తడి మాత్రమే.

కృష్ణా డెల్టా ఈ సూత్రాన్ని తనదైన పద్ధతిలో పాటిస్తూ వచ్చింది. ప్రకాశం బ్యారేజీ నుంచి కాలువలకు నీరు కట్టివేసే ముందే ఊరూరా మంచినీటి చెరువులను నింపుకోవడం అక్కడి ఆనవాయితీ. బ్యారేజీకి ఎగువన, కొండల పాదంలో ఉన్న కొండపల్లికి ఆ వెసులుబాటు లేదు. నది దగ్గరలోనే పారుతున్నా వాలుకు నీరెక్కించే కాలువ లేదు గనుక, కొండమీద కురిసిన వానను కొండలోనే ఇంకించుకోవడం తప్ప అక్కడి చెట్లకు మరో ఆధారం లేదు.

కొండపల్లి కొండలది అనార్ద్ర ఆకురాల్చు అడవి, అంటే ఎండాకాలంలో ఆకులు రాల్చి నీటి ఖర్చు తగ్గించుకునే చెట్ల అడవి. ప్రసిద్ధమైన బొమ్మలకు మెత్తని, తేలికైన కలపనిచ్చే తెల్ల పొనికి కూడా ఆ కోవలోదే. ఆ చెట్టు దగ్గరి కొండల్లో అరుదైపోవడంతో ఒక కళకు ముడిసరుకు కరువవడం చూస్తే, ఉమ్మడి నేల క్షీణత ఇంటింటి జీవనోపాధిని ఎలా తాకుతుందో తెలుస్తుంది. చెట్టు తనను కాపాడుకోవడానికి రాల్చిన ఆకే ఏప్రిల్ నాటికి నేలమీద ఎండి ఇంధనమవుతుంది. ఆర్పకుండా పారేసిన బీడీ ముక్క గాని, కొత్త గడ్డి త్వరగా మొలుస్తుందని పెట్టిన నిప్పు గాని దానికి తగిలితే నేలబారున పాకే మంట పెద్ద చెట్లను వదిలినా, వాటి వారసులైన లేత మొక్కలను మాత్రం వదలదు.

అందుచేత వేసవి సన్నాహం ఏడాది పొడవునా సాగే పనుల వరుసగా ఉండాలి. తొలకరికి ముందే వాలుకు అడ్డంగా, ఒకే ఎత్తున కందకాలు తవ్వితే పరుగెత్తే నీరు ఆగి ఇంకుతుంది. వాగులకు అడ్డంగా రాళ్లు పేర్చిన కట్టలు, దిగువన ఊట కుంటలు ఆ ఇంకుడును మరికొంత పెంచుతాయి. వానలు వెనుకబట్టగానే మొక్క చుట్టూ పాదు సరిచేసి ఎండుటాకులు కప్పాలి. మల్చింగ్ అనే ఈ పని తడి ఆవిరి కావడాన్ని తగ్గిస్తుంది. అడవి అంచున మాత్రం అదే ఎండుటాకు ప్రమాదం కనుక, జనవరి, ఫిబ్రవరి నెలల్లో గడ్డిని, ఆకును ఊడ్చి మంట దాటలేని ఖాళీ పట్టీలు తీయాలి. వీటినే ఫైర్ లైన్లు అంటారు. మార్చి నుంచి తొలకరి దాకా కావలసినవి నీళ్ల ట్యాంకరు, కంచె, కాపలా.

పొడి వేసవికి ముందే సిద్ధపడే ఈ అవసరం సముద్రాల అవతలా ఉంది. ప్రవాసాంధ్రులు ఎక్కువగా స్థిరపడిన ఫ్రీమాంట్, డబ్లిన్, శాన్ రామోన్ వంటి కాలిఫోర్నియా పట్టణాల్లో వాన చలికాలంలో కురిసి, వేసవి దాదాపు చినుకు లేకుండానే గడుస్తుంది. అక్కడి అనేక నివాస సముదాయాల్లో ఉమ్మడి స్థలాలను గృహ యజమానుల సంఘం, అంటే ప్రతి ఇంటి నుంచి చందా వసూలు చేసే హెచ్‌ఓఏ, నిర్వహిస్తుంది. ఆటకూ కూడికకూ పనికిరాక అలంకారానికే పెంచే పచ్చికను తాగునీటితో తడపడం, 2023లో చేసిన చట్టం ప్రకారం ఈ సంఘాల ఉమ్మడి స్థలాల్లో 2029 నుంచి నిషిద్ధం; చెట్ల ఆరోగ్యానికి అవసరమైన నీటికి మాత్రం అదే చట్టం మినహాయింపునిచ్చింది. మంటల ముప్పున్న ప్రాంతాల్లో ఇంటి చుట్టూ 100 అడుగుల మేర ఎండుగడ్డి, ఎండుకొమ్మలు తొలగించాలన్న నిబంధన కొండపల్లి ఫైర్ లైనుకు దగ్గరి చుట్టమే.

అయితే ఊరికి తీసుకురాదగినది పచ్చిక నిషేధం కాదు, లెక్క వేసే పద్ధతి. ఉమ్మడి ఆస్తుల్లో ఏది ఎప్పుడు పాడవుతుందో, దానికి ఎంత సొమ్ము నిల్వ ఉంచాలో కనీసం మూడేళ్లకొకసారి పరిశీలించాలని కాలిఫోర్నియా చట్టం ఆ సంఘాలను ఆదేశిస్తుంది; ఈ పరిశీలనకే రిజర్వ్ స్టడీ అని పేరు. ఉంటున్న చోట నెలనెలా ఈ నిర్వహణ చందా కట్టే ప్రవాసి, పుట్టిన ఊరికి పంపే సొమ్మును మాత్రం తరచు మొక్కలు నాటే రోజుకే పంపుతాడు. నాటి కేంద్ర వ్యవసాయ మంత్రి కె.ఎం. మున్షీ 1950లో ప్రారంభించిన మొక్కలు నాటే పండుగ, వన మహోత్సవం, జూలై మొదటి వారంలో వస్తుంది కనుక నాటిన మొక్కకు తొలి మూడు నెలలు వానే దాది. దాత పేరున్న పలక వెలిసి, ఫొటో సముద్రాలు దాటిన తరువాత వచ్చే తొలి రెండు మూడు వేసవులకు ఎవరి పద్దులోనూ చోటుండదు.

చందా ఎగవేసినవారిపై చర్య తీసుకునే అధికారం హెచ్‌ఓఏకి ఉంది, ఊరికి అలాంటిది లేదన్న అభ్యంతరం సరైనదే. అంతేకాక రిజర్వు అడవిలో అటవీ శాఖ అనుమతి లేనిదే గడ్డపార దించడానికి వీల్లేదు, ఊళ్లోని బాటలూ బడులూ వేర్వేరు సంస్థల అధీనంలో ఉంటాయి. కాని ఉమ్మడి బాధ్యత ఈ నేలకు కొత్త కాదు: 1990ల నుంచి ఆంధ్రప్రదేశ్‌లో ఏర్పడిన వన సంరక్షణ సమితులు, అటవీ శాఖతో కలిసి గ్రామస్థులే అడవిని కాచి ఫలసాయంలో వాటా పొందే సంఘాలు, ఈ ఆలోచన మీదే నిలిచాయి. ఆ బాధ్యత అవసరమూ చిన్నది కాదు. 2015 మే నెల వడగాడ్పులకు ఆంధ్రప్రదేశ్‌లో వెయ్యి మందికి పైగా మరణించిన సంగతి గుర్తున్నవారికి, ఆరుబయట పనిచేసే కూలీకి ఉమ్మడి నీడ విలాసం కాదని వేరే చెప్పనక్కరలేదు.

కాబట్టి విరాళపు లెక్క మారాలి. వెయ్యి మొక్కలు నాటి తొలి వేసవికే వదిలేయడం కంటే, వంద మొక్కలు నాటి మూడు వేసవుల నీటికి, కంచెకు, కాపలా మనిషి కూలికి సొమ్మును ముందే విడిగా నిల్వ ఉంచడం మేలు. ఆ కూలి స్థానికులకే చెందాలి, ఎన్ని మొక్కలు బతికాయన్న లెక్కను జూలైలో కాక ఏటా జూన్ మొదటి వారంలో, వానకు ముందే, ఊరందరి ఎదుట చదవాలి.